ఒక్కరికే అయిదు ఓట్లు

1987 మార్చిలో లవోనియా పెటిగ్రూను పోలీసు మా కౌన్సిల్ హాల్లోంచి బయటికి తీసుకెళ్లాడు. అంతకు ముందు ఆమె మాటకు అడ్డంగా గంట నొక్కింది నేనే. అది నా ఉద్యోగం. అప్పటికి తొమ్మిదేళ్లుగా హార్‌గ్రోవ్ టౌనుకు క్లర్కును. సమావేశంలో ఎవరేం మాట్లాడారో రాయడం, జనంలోంచి ఎవరైనా మైకు దగ్గరికొచ్చి మాట్లాడితే రెండు నిమిషాలు కాగానే గంట నొక్కడం నా పని.

నా పేరు మార్వా హాల్కమ్. బట్టల మిల్లును ఆనుకుని కంపెనీ కట్టించిన ఇళ్ల వరసలో పుట్టాను, అక్కడే కాపురం పెట్టాను. మా వీధిలో అందరూ తెల్లవాళ్లే, అందరూ మిల్లువాళ్లే. నల్లవాళ్లు రైలు పట్టాలకు తూర్పున ఉండేవారు. లవోనియా ఇల్లు అక్కడే, జిన్ స్ట్రీట్‌లో. ముప్ఫై ఒక్క సంవత్సరాలు స్కూలు బస్సు నడిపి రిటైరైంది. తెల్ల పిల్లలూ నల్ల పిల్లలూ ఒకే బడికి వెళ్లడం మొదలయ్యాక టౌన్లో సగం మంది పిల్లలు ఆమె బస్సు ఎక్కినవాళ్లే. వాళ్లలో డ్వేన్ స్టాబ్లర్ ఒకడు. ముప్ఫై మూడేళ్లకే మా మేయరయ్యాడు. అయినా ఆమె అతణ్ణి మేయర్ గారూ అని ఒక్కనాడూ పిలవలేదు.

జిన్ స్ట్రీట్ వెనక కాలవ ఉంది. గట్టి వాన పడితే పొంగి ఇళ్లలోకి వస్తుంది. ఆ శీతాకాలంలో మూడుసార్లు వచ్చింది. మూడు నెలలూ లవోనియా కౌన్సిలుకు వచ్చి అడిగింది. మూడుసార్లూ పరిశీలిస్తామన్నారు, నేను అలాగే రాసుకున్నాను. నాలుగోసారి ఆమె కాలవ ఊసెత్తలేదు.

"ఇవాళ నీళ్ల గురించి రాలేదు," అంది మైకు ముందు నిలబడి. "మీ అయిదుగురూ ఎక్కడుంటారో చెప్పడానికొచ్చాను."

కాగితం తీసి కౌన్సిల్ సభ్యుల ఇంటి నంబర్లు వరసగా చదివింది. నలుగురిది మాగ్నోలియా అవెన్యూ. అయిదో ఆయన ఇల్లు దాని వెనక వీధిలో. నలభై ఏళ్లలో పట్టాలకు తూర్పు నుంచి ఒక్క మనిషి కూడా ఆ కుర్చీల్లో కూర్చోలేదని చెప్పింది. అయిదు స్థానాలకూ టౌనంతా కలిసి ఓటేస్తుంది, తూర్పువాళ్లు నలుగురిలో ఒకరు, కాబట్టి అయిదు ఓట్లు వేసి అయిదు చోట్లా ఓడిపోతున్నారు, ఈ పద్ధతి మారాలని అడిగింది.

మేయర్ ఓపిగ్గానే జవాబిచ్చాడు. టౌనును వార్డులుగా ముక్కలు చేస్తే ఎవరి ముక్క కోసం వాళ్లు కొట్టుకుంటారు, ఇప్పుడు ప్రతి సభ్యుడూ అందరికీ జవాబుదారే, టౌనంతా ఒకటే అన్నాడు. నటించి అన్న మాట కాదది. అతను దాన్ని నిజంగానే నమ్మాడు. ఆ రోజుకి నేనూ నమ్మాను.

"టౌనంతా ఒకటే అయితే, డ్వేన్, ఆ కాలవ నీళ్లు ఒక్కసారైనా మీ మాగ్నోలియా అవెన్యూకి ఎందుకు రాలేదు?"

వెనక వరసల్లో నవ్వారు. రెండు నిమిషాలయ్యాయి. గంట నొక్కాను.

"మీ టైమైపోయింది, మిస్ లవోనియా. కూర్చోండి," అన్నాడు మేయర్.

"బస్సులో నిన్ను కూర్చోమంటే ఎన్నిసార్లు కూర్చున్నావు?"

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. మేయర్ చెవులు ఎర్రబడ్డాయి. తలుపు దగ్గరున్న పోలీసుకు సైగ చేశాడు. లవోనియా అరవలేదు, బల్ల చరచలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, "నడవగలను, చెయ్యి తియ్యి నాయనా," అని ముందు నడిచింది. సమావేశానికి ఆటంకం కలిగించిందని కేసు పెట్టి స్టేషన్లో మూడు గంటలు కూర్చోబెట్టారు.

మర్నాడు పొద్దున్నే మేయర్ నా బల్ల దగ్గరికొచ్చాడు. నేను రాసిన సమావేశం పుస్తకం తెరిపించి చదివాడు. ఆమె గట్టిగా అరిచిందని, బల్ల మీద కొట్టిందని రాయమన్నాడు. అది కాక జనవరి సమావేశంలో ఎవరెవరు ఎంతసేపు మాట్లాడారో రాసిన చోట ఆ నిమిషాలు తీసెయ్యమన్నాడు. ఎందుకో నాకు అర్థమైంది. జనవరిలో దాణా కొట్టు యజమాని గారెట్ తన కొట్టు ముందు బళ్లు నిలిపే చోటు గురించి చాలాసేపు మాట్లాడాడు. గారెట్ కూడా మాగ్నోలియా అవెన్యూ మనిషే.

నాకు అప్పుడు నలభై రెండేళ్లు. మా ఆయనకు మిల్లులో వారానికి మూడు రోజులే పని ఉండడంతో ఇల్లు గడిచేది నా జీతం మీదే. సాయంత్రం ఆలోచించుకుని చెబుతానని అందామనుకున్నాను. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఆమె అరవలేదు కదండీ," అన్నాను.

"అరిచినట్టే కదా అది."

"అరిచినట్టు అని రాయమంటారా?"

అతను పుస్తకం మూసి వెళ్లిపోయాడు. ఆ వేళ మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లినప్పుడు పుస్తకం వెంట తీసుకెళ్లి, జనవరి, మార్చి పేజీలు మా లైబ్రరీ మిషను మీద కాపీలు తీయించాను. మా ఆయనకు చెబితే నీకేం పోయేకాలం అన్నాడు. తర్వాత, ఆ కాపీలు వంటింట్లో పెట్టకు, తడుస్తాయి అన్నాడు.

ఏప్రిల్లో కేసు విచారణకు వచ్చింది. క్షమాపణ చెబుతూ నాలుగు ముక్కలు రాసిస్తే కేసు తీసేస్తామని ముందురోజు కబురు పంపారు. నేను చేసిన తప్పేమిటో ముందు మీరు కాగితం మీద రాసివ్వండి, చదివి ఆలోచిస్తాను అని లవోనియా తిరుగు కబురు పంపింది. రాజధాని నుంచి రూత్ ఆడెల్మన్ అనే లాయరు ఆమె తరఫున వచ్చింది. నన్ను సాక్షిగా పిలిచారు. గదిలో ఒక పక్క మా మిల్లు వీధి వాళ్లున్నారు, ఇంకో పక్క జిన్ స్ట్రీట్ వాళ్లున్నారు. ఎటూ చూడకుండా పుస్తకం వంకే చూశాను.

జనవరిలో గారెట్ ఎంతసేపు మాట్లాడారని రూత్ అడిగింది.

"పద్నాలుగు నిమిషాలండి."

"గంట నొక్కారా?"

"మూడుసార్లు నొక్కాను. మాట్లాడనివ్వమని మేయర్ గారన్నారు."

"ఆయన్ని అరెస్టు చేశారా?"

"లేదండి. కాఫీ ఇచ్చాం."

జడ్జి తల వంచుకున్నాడు. నవ్వాపుకున్నాడేమో తెలీదు. ఒకరికి పద్నాలుగు నిమిషాలిచ్చిన నియమంతో ఇంకొకరిని రెండు నిమిషాలకే పట్టుకెళ్లడం కుదరదని, మాట నచ్చకపోవడం నేరం కాదని చెప్పి కేసు కొట్టేశాడు.

బయట మెట్ల మీద లవోనియా నా దగ్గరికొచ్చింది. థాంక్స్ చెబుతుందనుకున్నాను. "గంట మాత్రం గట్టిగానే నొక్కావు," అంది.

ఆ వేసవిలోనే ఆమె, ఇంకో ఇద్దరూ కలిసి టౌను ఎన్నికల పద్ధతి మీద పై కోర్టులో దావా వేశారు. దాదాపు ఏడాది నడిచింది. వార్డులు గీద్దామంటే సరిగ్గా కుదరలేదు. తూర్పువాళ్లు కొందరు అప్పటికి పట్టాలు దాటి అక్కడక్కడా ఇళ్లు తీసుకున్నారు, గీత ఎలా గీసినా సగం మంది బయటపడుతున్నారు. చివరికి రెండు పక్షాల లాయర్లూ ఒక ఒప్పందానికి వచ్చారు, జడ్జి దాన్ని ఉత్తర్వుగా రాశాడు. ఓటరుకు ఎప్పటిలాగే అయిదు ఓట్లు. తేడా ఒక్కటే: అయిదుగురికి తలొకటి వెయ్యొచ్చు, ఇద్దరికి పంచొచ్చు, కావాలంటే అయిదూ ఒక్కరికే గుద్దొచ్చు. ఎక్కువ ఓట్లొచ్చిన మొదటి అయిదుగురూ గెలిచినట్టు.

దీన్ని వివరించడానికి హైస్కూల్లో ఆటల హాల్లో సభ పెట్టారు. అంత జనాన్ని నేను ఫుట్‌బాల్ రోజున తప్ప చూడలేదు. మా వీధిలోని నేత పనివాడు ఒకతను లేచి, ఒక మనిషికి ఒక ఓటని చిన్నప్పట్నించీ చెప్పి ఇప్పుడు ఒక్కడికే అయిదంటే అదేం న్యాయమని అడిగాడు. మీరిప్పటికే అయిదు వేస్తున్నారు, కుర్చీకొకటి, ఇప్పుడు ఎక్కడ వెయ్యాలో మీ ఇష్టం, అంతే తేడా అని రూత్ చెప్పింది. ఎక్కువమందికి నచ్చినవాళ్లే గెలవాలి, అదే కదా ఎన్నికంటే అన్నాడు ఇంకొకాయన. ఎక్కువమంది నాలుగు కుర్చీలు తీసుకోండి, అయిదోది కూడా మీదే అనకండి అని జిన్ స్ట్రీట్ నుంచి ఎవరో అరిచారు. గంటసేపు అలాగే నడిచింది. అప్పుడు గారెట్ లేచి, ఎన్ని చెప్పినా ఇది వాళ్ల కోసం చేసిన రూలే అన్నాడు.

లవోనియా కూర్చున్న చోటి నుంచే జవాబిచ్చింది. "రూల్లో ఎవరి పేరూ లేదు, మిస్టర్ గారెట్. చదివాను." తర్వాత మా వాళ్ల వైపు తిరిగింది. "మిల్లు వీధి నుంచి ఎవరైనా ఆ కుర్చీలో కూర్చున్నారా? మీరూ ఒకసారి లెక్కపెట్టుకోండి."

పదేళ్లు ఆ సమావేశాలు రాసిన దాన్ని, అంతకు ముందు యాభై ఏళ్ల పుస్తకాలు నా బీరువాలోనే ఉన్నాయి. నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. మర్నాడు లెక్కపెట్టాను. ఒక్కరూ లేరు.

ఎన్నికలు ఆగస్టులో. తూర్పు నుంచి ఎవరు నిలబడాలన్న దగ్గర వాళ్లకు చిక్కొచ్చింది. ఈ సంగతి లవోనియా చాలా ఏళ్ల తర్వాత నాకు చెప్పింది. ఆమే నిలబడుతుందని అందరూ అనుకున్నారు. ఈలోగా చర్చి పెద్ద, రెవరెండ్ ఎజ్రా కోట్స్, తానూ నిలబడతానన్నారు. ఆయన నెమ్మదస్తుడు. అరెస్టయిన మనిషిని తెల్లవాళ్లు కౌన్సిల్లో మాట్లాడనివ్వరు, ఆయనైతే పని చేయించుకొస్తాడని పెద్దవాళ్లు కొందరన్నారు. ఇద్దరూ నిలబడితే ఓట్లు చీలి ఇద్దరూ పోతారని రూత్ లెక్క వేసి చూపించింది.

చర్చి హాల్లో శనివారం అందరూ కూడారు. చేతులెత్తమందామన్నారు రెవరెండ్. లవోనియా ఒప్పుకోలేదు. ఆదివారం ఎవరి ముందు కూర్చుంటారో ఆయన ముందే ఆయనకు వ్యతిరేకంగా చెయ్యెత్తమంటే ఎవరెత్తుతారు, చీటీలు రాసి డబ్బాలో వెయ్యండి అంది. వేశారు. రెవరెండ్‌కు తొంభై నాలుగు, ఆమెకు ఎనభై ఏడు.

నువ్వు నిలబడు, నిన్నెవరాపుతారని వెనక నుంచి ఒకామె అంది.

"ఎవరూ ఆపలేరు. ఆ హక్కు నాకుంది," అంది లవోనియా. "కానీ ఇద్దరం నిలబడితే మళ్లీ ఆ అయిదుగురే వస్తారు. నేను స్టేషన్లో కూర్చుని వచ్చింది వాళ్ల కుర్చీలు తుడిచి పెట్టడానికి కాదు." తర్వాత రెవరెండ్ వైపు చూసింది. "మీకు ఓట్లు తెస్తాను. నోరు మూసుకుంటానని మాత్రం మాటివ్వను."

ఆ రాత్రి ఏడ్చానని కూడా చెప్పింది నాతో. నీళ్లలో మునిగిన ఇళ్ల కోసం తిరిగిందీ కేసు మోసిందీ తను, కుర్చీ మాత్రం ఇంకొకరికి. సోమవారం మళ్లీ బయల్దేరింది. కిందటేడు ఏరి దాచుకున్న, బాదం పప్పుల్లాంటి పెకాన్ గింజలు ఒక సంచిలో, అయిదు తగరపు గ్లాసులు ఇంకో సంచిలో వేసుకుని ఇంటింటికీ తిరిగింది. చదువు రానివాళ్ల ముందు గ్లాసులు పెట్టి, అయిదు గింజలు చేతికిచ్చి వెయ్యమనేది. గ్లాసుకొకటి వేస్తే తీసి మళ్లీ చేతిలో పెట్టేది. అయిదూ ఒకే గ్లాసులో పడేదాకా కదిలేది కాదు. కొంతమంది ఆమెను ఆటపట్టించడానికి గింజలు నమిలి మింగేవాళ్లట. వాళ్లకు ఇంకో అయిదు ఇచ్చేది.

పోలింగు ఫైర్ స్టేషన్లో పెట్టారు. అధికారిగా గారెట్‌ను వేశారు. నేను టౌను హాల్లో ఉన్నాను. పొద్దున పదిన్నరకు ఫోను మోగింది.

"మార్వా, మీ గారెట్ మా వాళ్ల బ్యాలెట్లు చెల్లవంటున్నాడు," అంది లవోనియా. "డబ్బాలో వేసే ముందు విప్పి చూసి, ఒకరి పేరు పక్కన అయిదు గుర్తులుంటే పాడైందని పక్కన పెట్టేస్తున్నాడు. ఇప్పటికి ఏడుగురు. నేను ఓటేసి వచ్చేశాను, గుమ్మానికి ముప్ఫై అడుగుల దూరాన గీసిన గీత దాటి లోపలికెళితే మళ్లీ పట్టుకెళ్తానని పోలీసంటున్నాడు. నువ్వొస్తావా, నన్ను దాటమంటావా?"

కోర్టు ఉత్తర్వు నా సొరుగులోనే ఉంది. తీసుకుని బయల్దేరితే నడవాలో మేయర్ ఎదురయ్యాడు. చేతిలో కాగితం చూశాడు.

"నీకిది అవసరమా, మార్వా?"

"జనవరిలో నా గడువు అయ్యాక నన్ను తీసెయ్యొచ్చు మీరు, మేయర్ గారూ. ఇది ఆగస్టు," అన్నాను.

అంత ధైర్యం నాకెక్కణ్ణించి వచ్చిందో తెలీదు. బయట వేడికి తారు మెత్తబడింది. గీత అవతల లవోనియా గొడుగు వేసుకుని నిలబడి ఉంది. బూటు కొనలు సరిగ్గా గీత మీద ఉన్నాయి. ఆమె వెనక ఇరవై ముప్ఫై మంది ఉన్నారు. పోలీసు ఆ బూట్ల వంకే చూస్తున్నాడు.

లోపలికెళ్లి గారెట్ బల్ల ముందు నిలబడి ఉత్తర్వులో మూడో పేజీ పైకి చదివాను. ఓటరు తన అయిదు ఓట్లనూ ఒకే అభ్యర్థికి వెయ్యొచ్చు. ఇది తనకెవరూ చెప్పలేదన్నాడు. ఆటల హాల్లో చెప్పినప్పుడు మీరు మూడో వరసలో కూర్చున్నారన్నాను. వరసలో ఉన్న మా వీధి నేతపనివాడు ఒకతను, "చదివింది వినబడింది కదా, గారెట్, కానియ్యి. షిఫ్టుకి టైమవుతోంది," అన్నాడు. గారెట్ తర్వాతి బ్యాలెట్ అందుకుని డబ్బాలో వేశాడు.

పక్కన పెట్టిన ఏడు బ్యాలెట్లూ రద్దు చేసి, ఆ ఏడుగురికీ కొత్తవి ఇవ్వాలని నేను రాసి సంతకం పెట్టాను. కానీ వాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. లవోనియా తన పాత బ్యూయిక్ కారేసుకుని వెతకడానికి బయల్దేరింది. సాయంత్రం పోలింగు ముగిసేలోగా ఆరుగుర్ని తెచ్చింది. ఏడో మనిషి కోళ్ల ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నాడు, వాళ్లు వదల్లేదు.

రెవరెండ్ కోట్స్‌కు రెండు వేల నూట పద్దెనిమిది ఓట్లు వచ్చాయి. అందరికంటే ఆయనవే ఎక్కువ. పాతవాళ్లలో ఒకాయన ఇంటికి పోయాడు. జనవరిలో క్లర్కు పదవి నాకు తిరిగి ఇవ్వలేదు. కారణం ఏమీ రాయలేదు. కొత్త క్లర్కు రాసిన పుస్తకంలో నా పేరు కూడా లేదు. పక్క టౌన్లో ఒక పళ్ల డాక్టరు దగ్గర సగం జీతానికి చేరాను.

కాలవ సంగతి అంత తొందరగా తేలలేదు. రెవరెండ్ మొదటిసారి తీర్మానం పెడితే నలుగురు ఒకటయ్యారు. రెండోసారీ అంతే. మూడోసారి, వచ్చే ఏడాది చూద్దామంటే ఆయన సరేనన్నారు. ఆ నెల లవోనియా మైకు దగ్గరికి వచ్చి, సరేనని అనడానికి మిమ్మల్ని పంపలేదని అందరి ముందూ ఆయన్ని నిలదీసింది. వాళ్లలో వాళ్లే తిట్టుకుంటున్నారని మాగ్నోలియా అవెన్యూలో నవ్వుకున్నారట. నాలుగోసారి ముగ్గురు ఇటు, ఇద్దరు అటు. 1990లో కాలవకు సిమెంటు వేశారు.

1992లో మిల్లు వీధి నుంచి నేను నిలబడ్డాను. లవోనియా మా వంటింట్లో కూర్చుని, మా వాళ్లకు ఓట్లు ఎలా కూడబెట్టి వెయ్యాలో నాకు నేర్పింది. ఆమె మా ఇంటికొస్తోందని పక్కింటివాళ్లు నెల రోజులు మాతో మాట్లాడలేదు. వాళ్ల ఓటు కూడా అడిగాను. ముప్ఫై ఒక్క ఓట్ల తేడాతో ఓడిపోయాను.

మర్నాడు పొద్దున ఏడింటికే ఆమె వచ్చింది. నేనింకా మొహం కూడా కడుక్కోలేదు.

"ముప్ఫై ఒకటంటే, మనిషికి అయిదు చొప్పున, ఏడుగురు మనుషులు," అంది. "వాళ్లెవరో కనుక్కుందాం పద."

"ఎన్నికలైపోయాయి కదా."

"అందుకే ఇప్పుడు నిజం చెబుతారు."

ఓటేసినవాళ్ల పేర్లకు గుర్తులు పెట్టిన ఓటర్ల జాబితా పట్టుకుని మా వీధి చివరి నుంచి మొదలుపెట్టాం. ఓటుకు వెళ్లనివాళ్లలో మొదటి పేరు మా తమ్ముడిది. తలుపు తీసి మమ్మల్నిద్దర్నీ చూశాడు. లవోనియా చేతిలో జాబితా చూశాడు. నిన్న నడుం పట్టేసిందక్కా అని మొదలుపెట్టాడు. లవోనియా అతణ్ణి తప్పించుకుని లోపలికెళ్లి, బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది.